ఊరికే పోయే దారి

"ఆవిడా? ఊరికే ఉంది, ఇస్తానుండండి," అంటూ మాస్టారు ఫోను తెచ్చి భార్య చెవికి ఆనించాడు.

ఆ సమయానికి ఆవిడ మోచేతుల దాకా సబ్బునురగలో ఉంది. అడుగంటిన గిన్నె ఒకటి ఎంత తోమినా మొండికేసుకుని కూర్చుంది. పొయ్యి మీద పాలు పొంగుదామా వద్దా అని చూస్తున్నాయి. వెనకగదిలోంచి అత్తగారు కళ్ళజోడు కనిపించడం లేదని కేకేస్తోంది; అది నెత్తిమీదే ఉందని ఇక్కణ్ణుంచే చెప్పాలి. పంపు కింద బకెట్టు నిండి పొర్లుతోంది. ఇన్నింటికీ ఒక్కతే జవాబు చెప్పుకుంటున్న మనిషి ఊరికే ఉందిట! ఫోను చెవికీ భుజానికీ మధ్య ఇరికించుకుని, మోచేత్తో పొయ్యి కట్టేసి, "చెప్పండి మేడం," అంది. కోపమేమీ రాలేదు. ఆ మాట ఆ ఇంట్లో గోడగడియారం చప్పుడులాంటిది, పనిగట్టుకుని వింటే తప్ప వినిపించదు.

ఫోను చేసింది ఆవిడ పనిచేసే సేవాసంస్థ డైరెక్టరమ్మ. కొండ ప్రాంతం నుంచి రికార్డింగులు వచ్చాయి, ఈ ఏడు పుస్తకంలోకి ఆ మ్యాపు తొందరగా కావాలి, రేపు కాస్త పెందరాళే రాగలరా అని అడిగింది. వస్తానంది. పక్కనే నిలబడ్డ మాస్టారు, "ఏమిటిట? రంగులెయ్యాలా?" అని నవ్వుతూ వెళ్ళిపోయాడు.

ఆఫీసులో ఆవిడని అందరూ మ్యాపమ్మ అంటారు. అసలు పేరు హాజరుపట్టీలో ఉంది గానీ పిలిచేవాళ్ళు లేరు. ఆ సంస్థ మూడు వెనకబడ్డ ప్రాంతాల్లో పనిచేస్తుంది. కొండ ప్రాంతంలో మెట్లమెట్లుగా చెక్కుకున్న చిన్నచిన్న చేలు, మేకలు, గొర్రెలు, తేనెపట్లు, ఓ పక్క రాతి క్వారీ. ఏటి ప్రాంతంలో వరద తీశాక మిగిలే ఒండ్రులో పుచ్చకాయ పాదులు, ఇటుక బట్టీలు. ఉప్పు ప్రాంతంలో చూపు ఆనినంత మేరా మళ్ళు, పీతల బుట్టలు, ఎండబెట్టిన చేపలు. ఎక్కడ జనం దేనిమీద బతుకుతున్నారో ఏటా అడిగి తెలుసుకుని, మ్యాపులతో సహా పుస్తకం వేస్తారు. ఏ సాయం ఎక్కడికి పోవాలన్నది ఆ మ్యాపు చూసే తేలుస్తారు. పంటకి మట్టిరంగు, నీటి పనులకి నీలం, మేకలకీ అడవికీ ఆకుపచ్చ. పనీపాటా లేని చోటు తెల్లగా వదిలేస్తారు. తెల్లగా ఉన్నచోటికి ఏం పంపాలో ఎవరికీ తోచదు కాబట్టి ఏమీ పంపరు.

ఆ మ్యాపులన్నీ ఆవిడ చేతివే. కింద లైటు వెలిగే గాజుబల్ల ముందు కూర్చుని, పాత మ్యాపు మీద కొత్త కాగితం పరిచి, ఏరు ఎక్కడ వంపు తిరిగిందో, దారి కొండ ఏ భుజం మీదుగా పోయిందో వేలితో తడిమినట్టు గీసుకుపోతుంటే ఆవిడకి లోకం గుర్తుండదు. ఆ గది అంటే ఆవిడకి ప్రాణం. అక్కడ ఎవరి కళ్ళజోడూ పోదు. పాలు పొంగవు. ఆ మూడు ప్రాంతాల్లో ఒక్కదానిలోనూ ఆవిడ అడుగుపెట్టలేదు కానీ కళ్ళు మూసుకుని ఏ వాగు ఏ ఏట్లో కలుస్తుందో చెప్పగలదు. వెళ్ళొచ్చేవాళ్ళు వేరే ఉన్నారు. వాళ్ళకి జీపు, బూట్లు, పుస్తకం మొదటి పేజీలో పేర్లు. "ఇంటి ఆడవాళ్ళకి ఫీల్డు ఎందుకమ్మా కష్టం, రంగులు మాత్రం మీరే వెయ్యాలి, ఆడచెయ్యి పడితే ఆ అందమే వేరు," అని వెనకటి డైరెక్టరు ఓసారి మెచ్చుకున్నాడు. మెచ్చుకున్నాడో, కూర్చోబెట్టాడో అప్పట్లో తేల్చుకోలేక ఆవిడ నవ్వి ఊరుకుంది.

మాస్టారైతే చుట్టాలొస్తే, "ఇంట్లో ఊరికే కూర్చోలేక ఏదో కాలక్షేపానికి వెళ్తోంది," అంటాడు. ఆయన హైస్కూల్లో భూగోళం చెబుతాడు. చెడ్డవాడని ఎవరైనా అంటే ఆవిడే ఊరుకోదు. సెలవురోజు పొద్దున్నే వీధరుగు మీద కూర్చుని ఆవిడ రంగు పెన్సిళ్ళన్నీ బ్లేడుతో చెక్కిపెడతాడు. అంత సన్నగా, ముల్లు విరక్కుండా చెక్కే మనిషి ఈ ఊళ్ళో మరొకడు లేడు. కాకపోతే పెళ్ళైన కొత్తలో ఆవిడ కంటికి కునుకు లేకుండా గీసిచ్చిన ఖండాల పటాన్ని క్లాసు గోడకి తగిలించి, ఇనస్పెక్టరు ఆహా అంటే, "ఇంట్లో గీయించానండి," అన్నాడు. ఆ సంగతి సంబరంగా ఆవిడకే వచ్చి చెప్పాడు కూడా! గీయించాను. ఎంత హాయైన మాట! వండిస్తాను, ఉతికిస్తాను, గీయిస్తాను అంటే సరి, పని తెమిలిపోతుంది, చేసిన మనిషి మాటలోంచి జారిపోతుంది. ఆ రాత్రి ఆవిడ కాస్త ఏడ్చింది. తరవాత మరిచిపోయింది. మరిచిపోయానని అనుకుంది.

మర్నాడు ఆఫీసులో చెవులకి హెడ్‌ఫోను తగిలించుకుని కొండ ప్రాంతం రికార్డింగులు విన్నది. ఊళ్ళ పేర్లు సరిచూసుకోవడానికి వినడం ఆవిడకి అలవాటే. మాట్లాడించింది జీపుబాబు. ఎప్పుడూ జీపులో తిరుగుతాడని ఆ పేరు. మంచి కలుపుగోలు మనిషి. కొండపైన ఓ పల్లెలో పెద్దాయన్ని కూర్చోబెట్టి అడుగుతున్నాడు. మగవాళ్ళు ఏం చేస్తారంటే క్వారీ, మేకలు, చేలు అని ఆ ముసలాయన తీరిగ్గా చెప్పాడు. మరి ఆడవాళ్ళు పగలంతా ఏం చేస్తారని అడిగితే, "ఆడోళ్ళా? ఏం చేస్తారు, ఊరికే పోతారు, వస్తారు," అన్నాడు. జీపుబాబు నవ్వాడు. ముసలాయనా నవ్వాడు. టీ జుర్రుకున్న చప్పుడు. తర్వాత ప్రశ్న నీళ్ళ గురించి.

జీపుబాబు రాసిచ్చిన కాగితంలో ఆ ముక్క, "ఎగువ పల్లెల స్త్రీలు ప్రత్యేకంగా ఏ పనీ చేయరు" అని ఉంది. కిందటేడూ అంతే. అంతకు ముందూ అంతే. అందుకే ఆ కొండ ఎగువ భాగంలో ఆడవాళ్ళ పనుల మ్యాపు ఎప్పుడూ తెల్లగానే ఉంటుంది. ఏ ఏటికాయేడు ఆ తెలుపు వదిలింది తన చెయ్యే.

ఆవిడ కూడా నవ్వబోయింది. నవ్వు సగంలో ఆగిపోయింది. నిన్న చెవిదాకా వచ్చి పోయిన మాటే ఇది! సబ్బునురగ, పాలు, బకెట్టు అన్నీ ఒక్కసారి కళ్ళముందు గిర్రున తిరిగాయి. నన్నూ ఊరికే ఉందన్నారు కదా, నేను ఊరికే ఉన్నానా? మళ్ళీ వెనక్కి తిప్పి విన్నది. ఈసారి ముసలాయన మాటల వెనకాల ఉన్నవి కూడా విన్నది. ఎవరో గట్టిగా ఎగశ్వాస పీలుస్తూ రావడం, ఏదో బరువు దబ్బుమని నేలమీద దించడం, ఆడగొంతు ఒకటి "కాసిని నీళ్ళియ్యవే తల్లీ" అనడం. ఊరికే తిరిగొచ్చిన మనిషికి అంత రొప్పు ఎందుకు?

అప్పుడు తట్టింది ఆవిడకి. ఆ పైవాళ్ళు తాముండేదాన్ని ఊరు అనరు. మిట్ట అంటారు. ఈ సంగతి పేర్లు సరిచూస్తున్నప్పుడు ఎన్నిసార్లు విన్నదో. కొండ కింద సంత జరిగే పెద్ద పల్లె ఒకటుంది, దాన్ని మాత్రమే ఊరంటారు. పేరు పెట్టి కూడా పిలవరు, ఉన్న ఊరు అదొక్కటే కాబట్టి. ఊరికే పోతారు అంటే ఆ కిందున్న ఊరికే పోతారనా? లేక మనం అనుకున్నట్టు పనేమీ లేక తిరుగుతారనా? కాగితం మీద రాసి చూసుకుంది. రెండూ ఒకటే. అక్షరం తేడా లేదు. చూస్తూ కూర్చుంటే తల తిరిగింది.

జీపుబాబుని పిలిచి వినిపించింది. అతను విని, నెత్తి గోక్కుని, పెద్దగా నవ్వేశాడు. "చంపావు మ్యాపమ్మా! అయ్యుండొచ్చు. కాకపోవచ్చు కూడా. నేనెప్పుడూ క్వారీ లారీల రోడ్డున చుట్టూ తిరిగే పైకెళ్తాను. కిందికి దారి ఉన్నట్టే నాకు తెలీదు," అన్నాడు నిజాయితీగా. ముసలాయనకి ఫోను చేద్దామంటే కొండమీద ఫోనులు పలకవు. పైగా మళ్ళీ అడిగినా మళ్ళీ అదే మాట అంటాడు, మనకి మళ్ళీ అదే సందేహం. డైరెక్టరమ్మ అంతా విని అంది. "ఈ ఏడు కొండమీద ఏదో ఒక దారి బాగుచేయించడానికి వీలుంది. క్వారీ రోడ్డుకే ఇచ్చేద్దామనుకున్నాం, మ్యాపులో ఉన్నది అదే కాబట్టి. ఎవరో ఒకరు వెళ్ళి కళ్ళతో చూడాలి. మీరే వెళ్ళకూడదూ?"

ఎప్పట్నుంచో వెళ్ళాలని ఉన్నట్టు మ్యాపమ్మకి అప్పుడే తెలిసింది.

ఇంటికొచ్చేదాకా కాళ్ళు నేలమీద లేవు. ఇంటి గుమ్మం ఎక్కగానే ఉన్నాయి. సాయంత్రం టీ ఇస్తూ, వారం రోజులు కొండకి వెళ్ళాలని చెప్పింది. మాస్టారు కప్పు నోటిదాకా తీసుకెళ్ళి ఆపాడు. "నువ్వా? కొండకా?" అన్నాడు, తన క్లాసులో వెనకబెంచీ పిల్ల ధ్రువప్రాంతానికి పోతానన్నట్టు. మేడమెట్లు ఎక్కితేనే ఆయాసపడతావు కదా అన్నాడు. దారిలో ఒంట్లో బాగోకపోతే ఎలా అన్నాడు. వారంపాటు అమ్మ మోకాళ్ళకి మందు ఎవరు రాస్తారు, హాస్టల్లో పిల్ల ఫోను చేస్తే ఎవరు మాట్లాడతారు, పాలవాడికి ఎవరు చెబుతారు అని ఒక్కొక్కటే తీశాడు. ఒక్కటీ అబద్ధం కాదు. అదే ఆవిడకి చిత్రంగా ఉంది. ఇన్నేళ్ళలో తను చేసే పనులన్నింటినీ ఆయన నోట వరసగా వినడం అదే మొదటిసారి. ఓహో, తెలుసన్నమాట ఈయనకి! అన్నీ తెలుసు. చిర్రెత్తుకు రావాల్సింది పోయి ఆవిడకి లోపల ఏదో హాయిగా కూడా అనిపించింది. చివరికి ఆయన అనునయంగా, "ఎవరో ముసలాయన ఏదో అన్నాడని అంత దూరం ఊరికే ఎందుకు చెప్పు?" అన్నాడు.

ఆవిడ ఖాళీ కప్పు అందుకుంది. "ఏమండీ, నేనింట్లో ఊరికేగా ఉంటాను?"

"అబ్బే, అది మాటవరసకి..."

"మాటవరసకే అడుగుతున్నాను. ఊరికే ఉండే మనిషి వారం రోజులు లేకపోతే ఏమవుతుంది? ఏమీ కాకూడదు కదా."

గొంతు పెంచలేదు. పెంచి ఉంటే ఆయన పోట్లాడేవాడే. మామూలుగా, కూరలో ఉప్పు సరిపోయిందా అన్నంత మామూలుగా అడిగేసరికి మాస్టారుకి పోట్లాడే వీలు చిక్కలేదు. వెనకగదిలో మంచం కిర్రుమంది. అత్తగారు నెత్తిమీద కళ్ళజోడుతో గుమ్మంలోకి వచ్చి నిలబడి, కోడల్ని కాసేపు, కొడుకుని కాసేపు చూసింది. కొడుకు తరఫునే మాట్లాడుతుందని మ్యాపమ్మ అనుకుంది; పెళ్ళైన దగ్గర్నుంచీ జరుగుతున్నది అదే. "ఆడది ఇల్లు దాటితే పొయ్యి చల్లారుతుంది," అనేది ఓ కాలంలో అత్తగారు. ఇప్పుడు మాత్రం ఆవిడ అడిగింది ఒక్కటే. "ఆ కొండమీద చలేస్తుందా అమ్మాయ్?" అని. వేస్తుందేమో అత్తయ్యా అంటే, లోపలికెళ్ళి తన ఉన్ని శాలువ తెచ్చి కోడలి చేతిలో పెట్టి, మోకాళ్ళ మందు సీసా తీసి కొడుకు ముందు బల్లమీద పెట్టింది. "మూత గట్టిగా ఉంటుందిరా. మెల్లిగా తిప్పాలి," అంది.

బయల్దేరిన రోజు పొద్దున మాస్టారు బస్సుదాకా వచ్చాడు. బస్సు కదిలాక సంచీ విప్పి చూస్తే పెన్సిళ్ళ డబ్బా ఉంది. అన్నీ చెక్కి ఉన్నాయి. ఎర్ర పెన్సిలుతో సహా. ఎరుపు ఏ పనికీ కేటాయించని రంగు, కొన్ననాటి పొడవు కొన్ననాటిలాగే ఉండేది. దాన్ని కూడా ముల్లులా చెక్కిపెట్టిన ఆ మనిషిని తలుచుకుని కిటికీ పక్కన ఆవిడ ముసిముసిగా నవ్వుకుంది.

జీపుబాబు క్వారీ రోడ్డున ఆవిడని పైకి చేర్చి, బడిగదిలో బస చూపించి, తన పని మీద పోయాడు. ఇన్నేళ్ళూ గోరంత గీతలుగా గీసిన చేలు కళ్ళెదుట మెట్లుమెట్లుగా దిగిపోతున్నాయి. వాగు సరిగ్గా తను వంచిన చోటే వంగింది. ఆ సంగతి ఎవరికైనా చెప్పాలనిపించి, ఎవరూ లేక, మేకకి చెప్పింది. మర్నాడు తెల్లారగానే శాలువ కప్పుకుని మిట్ట చివరిదాకా నడిచింది. అక్కడ బండల సందులోంచి సన్నటి కాలిబాట ఒకటి కిందికి జారుతోంది. ఏ మ్యాపులోనూ లేదది. తన మ్యాపులో అసలు లేదు. దిగుదామా వద్దా అని తటపటాయిస్తుంటే వెనకనుంచి నవ్వులు, అడుగుల చప్పుడు వినిపించాయి. ఆడవాళ్ళు వరసగా వస్తున్నారు. ఒకామె వీపున కట్టెలమోపు. ఒకామెకి వడికిన ఉన్ని కండెల మూట. ఒకామె మోస్తున్న చీపురుగడ్డి కింద మనిషే కనపడటం లేదు, కాళ్ళు మాత్రం నడుస్తున్నాయి. కట్టెలామె ఆగి, కొత్త మనిషిని కింది నుంచి పైదాకా చూసింది.

"ఎక్కడికక్కా, పొద్దున్నే?"

ఏం చెప్పాలి? మిమ్మల్ని చూసి మ్యాపు గీయడానికొచ్చానంటే బిగుసుకుపోతారు. సర్వే అంటే పెద్దాయన్ని అడగమంటారు. తడబడి, పుట్టినప్పట్నుంచీ నోటికి అలవాటైన మాటే అనేసింది. "ఊరికేనమ్మా."

కట్టెలామె మొహం విప్పారింది. "మేమూ ఊరికే! ఒక్కదానివే ఎట్టా పోతావు, జారుతుంది. రా, కలిసే పోదాం."

మ్యాపమ్మ అక్కడే నిలబడిపోయింది. కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి, నవ్వూ వచ్చింది, రెండూ ఒకేసారి రావడంతో మొహం ఎలా పెట్టుకోవాలో తెలియలేదు. ఆయాసమా అక్కా అని అడిగారు వాళ్ళు, ఇంకా అడుగైనా వేయకముందే. తరవాత నిజంగానే ఆయాసం వచ్చింది. ఆ బాటలో పట్టుకోవడానికి ఏమీ లేదు, కాలికింద రాళ్ళు కదులుతాయి, ఓ మలుపులో ఊట కారి పాచిపట్టి ఉంది. ఒకామె అక్కడే కిందటేడు కాలు విరగ్గొట్టుకుందట. వాళ్ళు కబుర్లు చెప్పుకుంటూ దిగుతున్నారు, ఈవిడ కూర్చుని జరుగుతూ దిగుతోంది. పట్నం అక్క పిరుదులకి మెత్తటి కుర్చీ అలవాటనుకుంటా అని వేళాకోళం చేశారు. చెయ్యి మాత్రం వదల్లేదు. మాటల్లో అన్నీ తెలిశాయి. కట్టెలు, ఉన్ని, గడ్డి, గుడ్లు కిందికి దిగుతాయి. పిండి, ఉప్పు, నూనె, పంచదార, మగవాళ్ళ పొగాకు పైకి ఎక్కుతాయి. క్వారీ కూలి ఏ నెలకో గానీ చేతికి రాదు. అప్పటిదాకా మిట్టమీద పొయ్యి వెలిగేది ఈ బాట మీదే. అంటే జీపుబాబు ఆ ప్రశ్న అడుగుతూ జుర్రుకున్న టీలో పంచదార కూడా ఓ ఆడమనిషి వీపునెక్కి ఆ కొండ ఎక్కిందే.

కిందికి దిగి, సంతలో బేరాలయ్యేసరికి ఎండ నడినెత్తికి వచ్చింది. ఊరి మొగదల కిరాణా కొట్టు అరుగుమీద కూర్చుని, మోకాళ్ళమీద కాగితం పరుచుకుని, ఆవిడ ఎర్ర పెన్సిలు తీసింది. మిట్ట దగ్గర ముల్లు ఆనించి, బండల సందులోంచి, ఊట మలుపు మీదుగా, ఊరిదాకా ఒక్క గీత గీసింది. ఏళ్ళ తరబడి తెల్లగా పడున్న చోటులో ఆ గీత ఎర్రగా, తిన్నగా కాకుండా వంకరలు పోతూ దిగింది. పేరు రాయాలి కదా. "ఊరికే పోయే దారి" అని రాసింది. ఎలా చదువుకునేవాళ్ళు అలా చదువుకోనీ అనుకుంది, కాసేపాగి, ఎందుకైనా మంచిదని కింద చిన్న అక్షరాలతో "ఆడవాళ్ళు బరువులు మోసే బాట, ఇల్లు గడిచేది దీనిమీద" అని చేర్చింది. డైరెక్టరమ్మ దీన్ని చూశాక క్వారీ రోడ్డు సంగతి ఇంక ఎత్తదు, అది మ్యాపమ్మకి తెలుసు.

కట్టెలామె సరుకు మూట కట్టుకుంటూ, ఇంకా పైన మరో రెండు మిట్టలున్నాయనీ, వాళ్ళ బాట దీనికంటే పాడనీ, వాళ్ళకసలు ఎవరూ రారనీ చెప్పింది. మ్యాపమ్మ కొట్టువాణ్ణి అడిగి ఇంటికి ఫోను కలిపింది. రెండువైపులా గరగర. ఎత్తింది అత్తగారు.

"నేనత్తయ్యా. బాగున్నారా? ఆయనున్నారా?"

"వాడా?" ఫోనులో వెనకాల నీళ్ళ చప్పుడు, గిన్నె మీద గిన్నె పడ్డ చప్పుడు, ఏదో మాడిన గొడవ. అత్తగారి గొంతులో ఎన్నడూ లేని చిలిపితనం వినిపించింది. "ఊరికే ఉన్నాడు. ఇస్తానుండు."

ఆ మాటకి మ్యాపమ్మ అరుగు మీద కడుపు పట్టుకుని నవ్వింది. మూటలు ఎత్తుకుంటున్న ఆడవాళ్ళంతా ఆగి ఆవిడ వంక చూశారు, ఎందుకో తెలియకుండానే వాళ్ళూ నవ్వడం మొదలుపెట్టారు. కళ్ళు తుడుచుకుని ఆవిడ ఫోను దగ్గరికి లాక్కుంది.

"వద్దత్తయ్యా, తోముకోనివ్వండి. నేను రావడం ఇంకో వారం ఆలస్యమవుతుందని చెప్పండి చాలు," అంది. ఫోను పెట్టేసి, ఉప్పుమూట ఒకటి తన భుజానికి ఎత్తుకుని, వాళ్ళ వెనకాలే కొండెక్కింది.